నీడ డాట్ ఇన్

పొద్దంత పుత్లీబౌలిల
నంబర్ ప్లేట్లకు రివిట్లు కొడత.
నాలుగు తొమ్మిదులు కావాలంటే
ఖైరతాబాద్ ఆఫీసుల లక్షలు కుమ్మరించేటోళ్లున్నరు.
మా ముక్రం భాయ్ అంటడు:
"రేకు అదే, రంగు అదే.
పైసలు అంకెలకు కాదు బేటా,
యాదికుండే సులువుకు."
ఆ ఒక్క మాట పట్టుకొని
రాత్రిళ్లు పేర్ల బేరంల దిగిన.

ఎవరో గడువు కట్టక ఇడిసిపెట్టిన పేర్లు.
మూడక్షరాలవి మన తాహతు కాదు,
వాటికి దూరంకెళ్లే దండం.
నాలుగువి, ఐదువి ఏరుకుంట,
గుడిమల్కాపూర్ మార్కెట్ మూసేయాళ్లకు
అడుగున మిగిలిన పూలు ఏరినట్టు.
పేరు నోట్ల పలకాలె. పలికితే పోతది.
పలకకుంటే ఏడాదికోసారి కిరాయి కట్టి మోసుడే.
గసుంటియి నా కాడ పదకొండున్నయి.
ఒకదాన్నైతే మూడేండ్ల సంది మోస్తున్న:
వి, యు, జె, ఓ.
ఎట్ల పలుకుతరో నాకే తెల్వది.

నీడ మాత్రం ఎరికుండే కొన్న.
అడ్డగుట్టల మూడో అంతస్తు మీద రేకుల అర్ర మాది.
ఏప్రిల్ల పగలు కాలిన రేకు
నడిరాత్రి దాటినా చల్లారది.
తడి తువ్వాల నెత్తిన కప్పుకొని
ఫోన్ల జాబితా చూస్తుంటే కనవడ్డది,
ఎన్, డబుల్ ఈ, డి, ఏ.
వాళ్లకు ఐదు, మనకు రెండే అక్షరాలు.
ఇంకెవ్వరు చెయ్యి పెట్టలే.
ఎనిమిది వందల నలభై.
చెప్తే శ్యామల నవ్వింది:
"నీడ కొన్నవా? ఎక్కడ పడతది మరి?"

మే నెలల వేలం పెట్టిన.
పాట అంటరు గని
ఎవ్వరి గొంతూ వినవడది.
ఆఖరి ఐదు నిమిషాలల్ల ఎవరన్న పాడితే
గడియారం మల్ల ఐదు నిమిషాలు ఎనకకు పోతది.
ఇద్దరు పాడిండ్రు.
ఒకడు పన్నెండు వందల కాడ ఆగిండు,
బీడీ తాగొచ్చినట్టు మల్ల లేసిండు.
రెండు వేలు. రెండు వేల మూడొందలు.
శ్యామల లేచి కూసున్నది,
కుక్కర్ కూతలు లెక్కపెట్టినట్టు
పెదవులతోటి లెక్కపెట్టింది.
నాలుగు వేల ఒక వంద కాడ పాట తెగింది.

కొన్నది కోయంబత్తూరాయన.
రెండు ముక్కలు రాసిండు:
"మంచి పేరు. నీడ్ ఏ.
ప్లంబర్ కావాల్నా, డ్రైవర్ కావాల్నా,
అందరు ఒక్క కాడ దొరుకుతరు."
మల్ల చదివిన.
నీడ్. ఏ.
ఐదక్షరాలను ఆయన నడిమిట్ల ఇరిసి చూసిండు.
నేను కొన్నది నీడ, ఆయన కొన్నది అక్కర.
చెప్దామా అని టైప్ చేసి చెరిపేసిన.
అమ్మినంక సరుకు గుణం చెప్పొద్దంటడు ముక్రం భాయ్.

కమీషన్ పోను, దాని మీద పన్ను పోను, ముదలు పోను
రెండు వేల ఐదొందల ముప్పై నాలుగు.
బస్తీ చీటీ ఎత్తినా ఇంతకన్న ఎక్కువొస్తది.
రాణీగంజ్‌ల ఆకుపచ్చ వల తెచ్చి
రేకు మీద తీగెలతోటి కట్టినం,
మొక్కలకు కడతరే, గది.
శ్యామల మూడు డిగ్రీలు తగ్గిందంటది.
నాకైతే తేడా తెలుస్తలే.
ఆమె మాట కాదనలే.

అప్పుడప్పుడు ఆ అడ్రస్ కొట్టి చూస్త.
తెల్ల తెర. నడుమ ఒక్క మాట: త్వరలో.

రేపు వి యు జె ఓ కిరాయి తారీఖు.
ఇడిసిపెడదామనుకున్న ఈసారి.
చీకట్ల ఒకపాలి నోట్ల పలికి చూసిన,
వూజో.
నిద్రల ఉన్న శ్యామల
"ఆఁ?" అన్నది.